లైటు ఎటుంటే బండి అటు

తెలుగు నగరాల్లో ట్రాఫిక్ సిగ్నళ్లు నిలబెట్టే ఇంజనీర్లకు బహిరంగ లేఖ

ఇంజనీరు గార్లకు,



చౌరస్తా పటం మీద వేలు పెట్టి ‘పోల్ ఇక్కడ’ అనేది మీరే కాబట్టి ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. మీరు హైదరాబాద్‌లో ఉన్నా, విజయవాడ, విశాఖ, వరంగల్, తిరుపతిలో ఉన్నా, నగరపాలక సంస్థ ఉద్యోగి అయినా, దానికి డ్రాయింగులు గీసిచ్చే కన్సల్టెంటు అయినా సరే. మంత్రిగారు రిబ్బన్ కత్తిరిస్తారు గానీ గుంత ఎక్కడ తవ్వాలో చెప్పరు. ట్రాఫిక్ పోలీసులు మీరు నిలబెట్టిన లైటును చూపించి చలానా రాస్తారు గానీ దాన్ని అంగుళం కూడా జరపలేరు. జరపగలిగింది మీరు.

సిగ్నల్ ఎన్ని సెకన్లు పడాలన్న దాని మీద మన దగ్గర మాటలకు కొదవలేదు. కెమెరాలు, సెన్సర్లు, కృత్రిమ మేధ, రద్దీని బట్టి సమయం మార్చుకునే కంప్యూటర్లు అంటూ టెండరు పత్రాల నిండా ఇవే. ఆ లైటు ఎక్కడ ఉండాలి, ఎంత ఎత్తులో ఉండాలి, ఆగే గీతకు ఇవతలా అవతలా, నిలువునా అడ్డంగానా అన్న ప్రశ్న మాత్రం ఎవరికీ పట్టదు. కేబుల్ దగ్గరగా దొరికిన చోట, పునాదికి డ్రైనేజీ పైపు అడ్డం రాని చోట, ఏ షాపు యజమానీ గొడవ పెట్టుకోని చోట స్తంభం లేస్తుంది. బండి ఎన్ని సెకన్లు ఆగుతుందో తేల్చేది మొదటి ప్రశ్న. బండి ఎక్కడ ఆగుతుందో తేల్చేది రెండోది. జీబ్రా మీద నడిచేవాడికి రెండోదే ముఖ్యం. ఆ రెండో ప్రశ్నకు లోకం ఎన్ని జవాబులు చెప్పుకుందో ముందు చూద్దాం. తర్వాత మన జవాబు సంగతి.

ట్రాఫిక్ సిగ్నల్ పుట్టింది రైల్వే ఇంట్లో. 1868 డిసెంబరులో లండన్‌లో పార్లమెంటు భవనం దగ్గర తొలి సిగ్నల్ పెట్టించింది జాన్ పీక్ నైట్ అనే రైల్వే ఇంజనీరు. రైల్వే సిగ్నల్ లాగే పగలు చేతులు లేచేవి, రాత్రి గ్యాస్ దీపం వెలిగేది. నెల తిరక్కముందే గ్యాస్ లీకై పేలి, దాన్ని నడిపే పోలీసు గాయపడ్డాడు. ఆ ప్రయోగం అక్కడితో ముగిసినా రైల్వే తర్కం మాత్రం యూరప్‌లో నిలిచిపోయింది. ‘రైలును అవుటర్‌లో ఆపేశాడు’ అని మనం విసుక్కునేటప్పుడు ఆ రైలు సిగ్నల్‌కు ఇవతలే ఆగి ఉంటుంది. దాటి వెళితే చూడడానికి ఇంకేమీ ఉండదు గనుక డ్రైవరు దాటడు. జర్మనీ వీధుల్లో ఈ రోజుకీ ఎక్కువగా కనిపించేది ఇదే పద్ధతి. ఆగాల్సిన గీత పక్కనే స్తంభం, దాని మీద లైటు. కూడలికి అవతలి ఒడ్డున మరో లైటు సాధారణంగా ఉండదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేసే మనవాళ్లు మొదటి వారంలోనే నేర్చుకునే పాఠం ఇది. గీత దాటి ముందుకు జరిగావా, నీ లైటు నీ వెనక్కి పోతుంది, ఆకుపచ్చ ఎప్పుడు పడిందో నీకే తెలియదు. అందుకని జనం గీతకు ఇవతలే ఆగుతారు. అక్కడ క్రమశిక్షణలో కొంత భాగం మనుషులది, కొంత భాగం స్తంభానిది.

దీనిలో ఒక చిక్కుంది. గీత దగ్గర ఆగిన కారుకు స్తంభం మరీ పక్కనే ఉంటే, ఎత్తున ఉన్న లైటు కోసం మెడ విరుచుకోవాలి. ఫ్రెంచివాళ్లు దీనికి చక్కని ఉపాయం కనిపెట్టారు. పైన పెద్ద లైటు, అదే స్తంభానికి కింద, మనిషి కంటి ఎత్తులో, అరచేతిలో పట్టేంత చిన్న లైట్ల పెట్టె. దూరం నుంచి వచ్చేవాడికి పెద్దది, గీత దగ్గర మొదటి వరసలో ఆగినవాడికి చిన్నది. పారిస్‌లో కారు అద్దంలోంచి కాస్త పక్కకు చూస్తే చాలు, ఎరుపో ఆకుపచ్చో తెలిసిపోతుంది.

అమెరికా దారి వేరు. అక్కడ రోడ్లు వెడల్పు, కార్లు పొడవు, చూపు దూరానికి పోవాలి. దేశం మొత్తానికి ఒక ప్రామాణిక గ్రంథం ఉంది. నేరుగా వెళ్లే ప్రతి దారికీ కనీసం రెండు సిగ్నల్ ముఖాలు ఉండాలనీ, వాటిలో ఒకటైనా ఆగే గీతకు 40 నుంచి 180 అడుగుల అవతల, అంటే సుమారు 12 నుంచి 55 మీటర్ల దూరంలో ఉండాలనీ అది చెబుతుంది. రోడ్డు మీద వేలాడేదైతే దాని అడుగుభాగం కనీసం 15 అడుగుల ఎత్తులో ఉండాలి. ఈ కొలతలు పాటించాక, దేనికి తగిలించాలన్నది రాష్ట్రాల ఇష్టం. అక్కడి నుంచి వైవిధ్యం మొదలవుతుంది.

కొడుకు డాలస్‌లో, కూతురు డెట్రాయిట్ శివారులో ఉన్న తెలుగు తల్లిదండ్రులు ఒకే వేసవిలో ఈ తేడా చూసి వస్తుంటారు. టెక్సస్‌లో చాలాచోట్ల సిగ్నల్ పెట్టె అడ్డంగా పడుకుని ఉంటుంది. ఎడమ చివర ఎరుపు, మధ్య పసుపు, కుడి చివర ఆకుపచ్చ. చదును నేల మీద అడ్డూ ఆపూ లేని గాలికి నిలువు పెట్టె కంటే పడుకున్న పెట్టె తక్కువ ఊగుతుందనీ, కింద లారీలకు ఎక్కువ జాగా మిగులుతుందనీ అక్కడివాళ్లు చెప్పే కారణాలు. మిషిగన్‌కు వెళితే కూడలికి అడ్డంగా ఉక్కు తీగ కట్టి, దాని మీద లైట్లు వేలాడదీస్తారు. ఖర్చు తక్కువ, గాలికి ఊగడం ఎక్కువ. కాలిఫోర్నియాలో స్తంభం నుంచి రోడ్డు మీదికి పొడుగ్గా సాగిన ఉక్కు చేయి, దానికి నిలువు పెట్టెలు, ఇవతలి స్తంభానికి కూడా చాలాచోట్ల మరొకటి. ఫ్లోరిడాలో తుపాన్లు తీగల సిగ్నళ్లను పదే పదే తెంపేయడంతో తీరప్రాంతాల్లో తీగల బదులు ఉక్కు చేతులు పెట్టాలన్న విధానం వచ్చింది. ఒకే గ్రంథం చదివి నాలుగు రాష్ట్రాలు నాలుగు రకాలుగా తగిలించాయి. ఎవరి గాలి వాళ్లది, ఎవరి ఖజానా వాళ్లది.

జపాన్‌ది మరో కథ. నగరాల్లో సిగ్నళ్లు ఎక్కువగా అడ్డంగానే ఉంటాయి. ఉత్తరాన హొక్కైడో లాంటి మంచు ప్రాంతాలకు వెళ్లేసరికి నిలువుగా లేచి నిలబడతాయి. అడ్డం పెట్టె మీద మంచు ఎక్కువ పేరుకుంటుంది, నిలువు పెట్టె తల మీద తక్కువ. పాత బల్బు వేడికి మంచు కరిగేది, ఎల్ఈడీకి అంత వేడి లేదు, అందుకని పలచని పెట్టెలు తయారుచేసి, కాస్త కిందికి వంచి పెట్టడం కూడా వచ్చింది. దీపం మారితే దీపస్తంభమూ మారాలన్న ఇంగితం వాళ్లకుంది.

ఇంకో చిన్న వివరం మీ డ్రాయింగు బల్ల మీద ఉండదగ్గది. టెక్సస్ అడ్డం సిగ్నల్‌లో ఎరుపు ఎడమ చివర ఉంటుంది, జపాన్‌లో కుడి చివర. వాహనాలు కుడివైపు నడిచే దేశంలో ఎరుపు ఎడమన, ఎడమవైపు నడిచే దేశంలో కుడిన. అంటే ఎప్పుడూ రోడ్డు మధ్యకు దగ్గరగా, ఫుట్‌పాత్ చెట్ల కొమ్మలకు దూరంగా. రోడ్డు గుర్తులు, సిగ్నళ్లపై 1968 వియన్నా ఒప్పందం కూడా ఇదే సూత్రం చెబుతుంది. నిలువుగా పెడితే ఎరుపు పైన, అడ్డంగా పెడితే వాహనాలు నడిచే పక్కకు ఎదురు పక్కన. మన దేశం 1980లో ఆ ఒప్పందంలో చేరింది, అమెరికా చేరలేదు. రేపు విశాఖలో ఎవరైనా డాలస్ ఫొటో తెచ్చి అడ్డం సిగ్నళ్లు పెడదామంటే, ఆ ఫొటోను ఉన్నదున్నట్టు దించితే ఎరుపు తప్పు పక్కకు వస్తుంది. పక్కవాడి జవాబు కాపీ కొట్టేముందు వాడి ప్రశ్న ఏమిటో చూసుకోవాలి.

వరస మారితే ఏమవుతుందో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ నగరం చూసింది. అక్కడ టిపరరీ హిల్ అనే పేటలో ఐరిష్ సంతతి వాళ్లు ఎక్కువ. 1920లలో సిగ్నల్ పెట్టినప్పుడు, ఐర్లండ్ ఆకుపచ్చ కింద, బ్రిటన్ ఎరుపు పైనా అని కుర్రాళ్లు రాళ్లతో ఆ లైటు పగలగొట్టారు. బాగుచేసిన ప్రతిసారీ మళ్లీ పగిలింది. చివరికి అధికారులే దిగివచ్చారు. ఇప్పటికీ ఆ కూడలిలో ఆకుపచ్చ పైన, ఎరుపు కింద. కథ సరదాగా ఉంది గానీ, రంగులు సరిగా గుర్తుపట్టలేని డ్రైవరుకు అది సరదా కాదు. అతను చూసేది రంగు కంటే ముందు స్థానం. కెనడాలోని క్విబెక్ రాష్ట్రం ఈ సంగతి ఆలోచించి ఎరుపుకు చతురస్రం, పసుపుకు వజ్రం ఆకారం, ఆకుపచ్చకు గుండ్రం ఇచ్చింది. చాలాచోట్ల అడ్డం పెట్టె రెండు చివరలా ఎరుపు పెట్టింది. ఇది మనకూ అక్కరలేని విషయం కాదు. తేలికపాటి నుంచి మధ్యస్థ స్థాయి వర్ణాంధత్వం ఉన్నవారు కూడా డ్రైవింగ్ లైసెన్సు పొందవచ్చని కేంద్రం 2020 జూన్‌లో నిబంధనలు సవరించింది. న్యాయమైన నిర్ణయమే. దాంతో సిగ్నల్ పెట్టెలో ఏ రంగు ఏ స్థానంలో ఉందన్నది మన రోడ్ల మీద మరింత పట్టింపు విషయమైంది. స్తంభం పొడవునా ఎల్ఈడీ పట్టీలు చుట్టి మొత్తం ఒకే రంగులో వెలిగించే కొత్త అలంకారం చూసినప్పుడు నాకొచ్చే మొదటి సందేహం ఇదే. దూరానికి బాగా కనిపిస్తుంది, నిజమే. కానీ స్థానం చూసి గుర్తుపట్టే మనిషికి ఆ పట్టీలో పైనా కిందా ఒకటే.

ఇక మన సంగతి. మనకు వారసత్వంగా వచ్చింది బ్రిటిష్ పద్ధతి. ఇవతలి గీత దగ్గర ప్రైమరీ, కూడలి అవతల సెకండరీ. మన ఇంజనీరింగ్ పుస్తకాల్లోనూ, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల్లోనూ ఈ రెండు మాటలూ అక్కడి నుంచి వచ్చినవే. పద్ధతిలో తప్పేమీ లేదు. జర్మనీ నియంత్రణ, అమెరికా దూరపు చూపు రెండూ కలిసిన రాజీ అది. ఆ రాజీ ఎలాంటి రోడ్డు కోసం కుదిరిందన్నదే ప్రశ్న. టెక్సస్‌కు గాలి, హొక్కైడోకు మంచు, క్విబెక్‌కు రంగులు. మన ప్రశ్నలు మనకున్నాయి. వాటిని వరసగా చెబుతాను.

అన్నిటికంటే ముందుది, మన రోడ్డు ద్విచక్ర వాహనానిది. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారు, 19.5 శాతం పాదచారులు. కలిపితే ప్రతి వందలో 64 మంది. మీరు పెట్టే సిగ్నల్ ఎవరి కంటికి కనిపించాలో చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు. కారు డ్రైవరు కంటికి అద్దం పైచట్రం అడ్డం, బండి నడిపేవాడికి హెల్మెట్ అంచు అడ్డం. గీతకు 2 మీటర్ల అవతల 5.5 మీటర్ల ఎత్తులో లైటు వేలాడితే, గీత మీద ఆగిన మనిషి దాదాపు 65 డిగ్రీలు తలెత్తాలి. నిండు హెల్మెట్‌లో ఆ పని చేసి చూడండి. చేయలేక అతనేం చేస్తాడు? పక్కదారి సిగ్నల్ వైపు చూస్తాడు, అటు ఎరుపు పడిందంటే మనకు ఆకుపచ్చ పడినట్టే అనుకుంటాడు. లేకపోతే వెనకవాళ్ల హారన్ వినగానే కదులుతాడు. మన చౌరస్తాల్లో హారన్ మోతకు జనం ఓర్పులేనితనం ఒక కారణమైతే, ముందు వరసకు లైటు కనపడకపోవడం మరో కారణం.

తర్వాతిది బస్సు. ఒక చిన్న లెక్క వేద్దాం. 3 మీటర్ల ఎత్తున్న సిటీ బస్సుకు 5 మీటర్ల వెనక ఒక బండి ఉంది. నడిపేవాడి కన్ను నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉంది. బస్సు పైనుంచి అతని చూపు సాగే గీత, 30 మీటర్ల దూరానికి చేరేసరికి 11 మీటర్ల ఎత్తుకు పోతుంది. అంటే కూడలి అవతలి సిగ్నల్‌ను మూడంతస్తుల మేడ కంటే పైన పెడితే తప్ప అతనికి కనపడదు. ఉక్కు చేయిని మరో మీటరు పైకి లేపడం దీనికి మందు కాదు. ఒక ముఖం రోడ్డు ఎడమ పక్కన, మరొకటి డివైడర్ మీద ఉంటే బస్సుకు ఏదో ఒక పక్క నుంచి కనిపిస్తుంది. రెండు ముఖాలూ ఒకే చేయికి పక్కపక్కన తగిలిస్తే బస్సు రెండింటినీ ఒకేసారి మింగుతుంది. ‘రెండు సిగ్నళ్లు పెట్టాం’ అని నివేదికలో రాసుకోవడానికి మాత్రం అది పనికొస్తుంది.

హైదరాబాద్‌కు ఇంకో అడ్డంకి కూడా వచ్చింది. మెట్రో రోడ్డు మధ్యలో వరసగా స్తంభాలు నిలబెట్టింది. రోడ్డు కొద్దిగా మలుపు తిరిగినా ఆ స్తంభాలు ఒకదాని వెనక ఒకటి గోడలా కలిసిపోయి అవతలి సిగ్నల్‌ను మూసేస్తాయి. వంతెన కింద నీడ, వంతెన అవతల ఎండ. వెలుతురు వైపు చూసే కంటికి ఆ నీడలోని లైటు వెలవెలబోతుంది. ఫ్లైఓవర్ల కిందా ఇదే తంతు. మెట్రో రాకముందు గీసిన డ్రాయింగు మెట్రో వచ్చాక పనికిరాదు. మెట్రో స్తంభాన్నే సిగ్నల్ స్తంభంగా వాడుకునే చోట వాడుకోవాలి, కుదరని చోట ఇవతలి లైటును బలపరచాలి.

చెట్లు, ఫ్లెక్సీలు, ఊరేగింపుల సంగతి మీకు చెప్పనక్కరలేదు. వేప కొమ్మ ఏటా పెరుగుతుంది, సిగ్నల్ స్తంభం పెరగదు. పుట్టినరోజు ఫ్లెక్సీకి చౌరస్తాను మించిన చోటు నాయకుల అభిమానులకు దొరకదు. గణేశ్ నిమజ్జనానికి ముందు శోభాయాత్ర దారుల్లో తీగలు, కొమ్మలు ఎత్తు చూసి తొలగించడం హైదరాబాద్‌లో ఏటా జరిగే పని. ఇలాంటి దారుల్లో రోడ్డు మీదికి సాగే పొడుగు చేయిని నమ్ముకోవడం కంటే, పక్కన నిలిచే పొట్టి స్తంభాలను ఎక్కువ పెట్టడం మేలు. విగ్రహానికి అడ్డం రావు, కొమ్మలకు తగలవు, శుభ్రం చేయడానికి క్రేన్ అక్కరలేదు.

తీరాంధ్రకు తుపాను ప్రశ్న వేరే ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు చెట్లు, కరెంటు స్తంభాలు, హోర్డింగులు ఎలా నేలకొరిగాయో ఆ నగరం మరచిపోదు. పొడుగు చేయి చివర బరువు పెడితే గాలికి పునాది మీద పడే మెలి ఎంతో మీకు నాకంటే బాగా తెలుసు. మరి హైదరాబాద్ టెండరులోని స్తంభమే విశాఖ బీచ్ రోడ్డుకూ ఎందుకు రావాలి? ఉప్పుగాలికి తుప్పు వేరు, గాలివేగం వేరు. ఫ్లోరిడా తన తీరానికి తనదైన నియమం రాసుకుంది. మన తీరమూ ఆ పని చేసుకోవచ్చు.

కరెంటు పోయినప్పుడు సిగ్నల్ ఉందన్న సంగతే రాత్రిపూట తెలియదు. అమెరికాలో చాలాచోట్ల సిగ్నల్ వెనక నల్లటి పలక పెట్టి, దాని అంచుకు కాంతిని తిప్పికొట్టే పసుపు పట్టీ అంటిస్తారు. హెడ్‌లైట్ పడగానే ఆ చట్రం మెరుస్తుంది, లైటు వెలగకపోయినా ఇక్కడ కూడలి ఉందని తెలుస్తుంది. ఈ పట్టీల వల్ల మొత్తం ప్రమాదాలు 15 శాతం తగ్గాయని అక్కడి ఫెడరల్ హైవే విభాగం చెబుతోంది. బ్రిటన్‌లో నల్ల పలక చుట్టూ తెల్ల అంచు ఉంటుంది. తూర్పు పడమరల రోడ్ల మీద ఉదయం, సాయంత్రం సూర్యుడు లైటు వెనక నిలిచినప్పుడు కూడా ఈ నల్ల పలకే కంటికి ఆసరా. మన దగ్గర సిగ్నల్ వెనక పలక కనిపిస్తే చాలాసార్లు దాని మీద ప్రకటన ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. ఆగే గీత.

మన చౌరస్తాల్లో ఎరుపు పడ్డాక జరిగేది ఇది. కార్లు గీత దగ్గర ఆగుతాయి. వాటి సందుల్లోంచి బండ్లు, ఆటోలు ముందుకొచ్చి గీత దాటి, జీబ్రా ఎక్కి, కూడలి అంచు దాకా వెళ్లి ఆగుతాయి. నడిచేవాళ్లు బండ్ల మధ్య దారి వెతుక్కుంటారు. దీన్ని మన జనం తీరు అని కొట్టిపారేయడం సులువు. కానీ ముందుకు జరిగిన ఆ బండివాడికి మీరిచ్చిన బహుమానం చూడండి. కూడలి అవతల పెద్ద లైటు, దాని పక్కన ఎర్రటి అంకెల్లో టైమరు. గీత దాటితే అతనికి పోయేదేమీ లేదు. పైగా బాగా కనిపిస్తుంది, టైమరు మూడుకు రాగానే గేరు వేసుకోవచ్చు. గీతకు ఇవతల బుద్ధిగా ఆగినవాడికి ఇవతలి లైటు తలమీదుంది, అవతలి లైటుకు ముందుకెళ్లిన బండ్లూ ఆటోలూ అడ్డం. నియమం పాటించినవాడికి కనపడక, దాటినవాడికి కనపడే సిగ్నల్ పెట్టి, ఆ తర్వాత దాటినవాడికి చలానా వేయడం ఏం న్యాయం?

మీరు వెంటనే అనబోయే మాట నాకు తెలుసు. ‘అవతలి లైటు తీసేస్తే గీత దాటినవాళ్లకు ఏమీ కనపడక హారన్లు ఇంకా పెరుగుతాయి, ఇది జర్మనీ కాదు’ అని. అందులో నిజముంది. గీతలు చెరిగిపోయి, ఎక్కడ ఆగాలో తెలియని చోట ఒక్క అవతలి లైటు పీకేస్తే గందరగోళమే. అందుకే నేను పీకమనడం లేదు. వరస మార్చమంటున్నాను. ముందు గీతను స్తంభానికి ఇవతల, మొదటి వరస మెడ ఎత్తకుండా లైటు చూడగలిగేంత వెనక్కి జరపండి. జీబ్రాకూ గీతకూ మధ్య కొంత ఖాళీ వదలండి. అదే స్తంభానికి హెల్మెట్ ఎత్తులో చిన్న లైటు పెట్టండి. టైమరు పెట్టాలనుకుంటే ఆ చిన్న లైటు దగ్గర పెట్టండి, గీత దగ్గర ఆగినవాడికే అది కనపడాలి. ఆ తర్వాతే అవతలి లైటుకు పక్క మూతలు బిగించి, దూరం నుంచి వచ్చేవాళ్లకు కనిపిస్తూ, గీత దాటి కూడలి అంచుకు చేరినవాడికి కనపడకుండా తిప్పండి. లైటును ఒక కోణానికే పరిమితం చేసే మూతలు, పలకలు సిగ్నల్ పరిశ్రమకు కొత్తవి కావు.

కంటి ఎత్తులో లైటు పెడితే పగలగొడతారు, ఎత్తుకుపోతారు, దాని మీద పోస్టర్లు అంటిస్తారు అన్నది రెండో అభ్యంతరం. కొన్ని పగులుతాయి. కరెంటు స్తంభాల మీదా, బస్‌స్టాపుల మీదా పోస్టర్లున్నాయి, వాటిని తీసేయలేదు కదా. ఇనుప జాలీ బిగిస్తే సగం బెడద తీరుతుంది. మూడో అభ్యంతరం ఖర్చు. ఒక చౌరస్తాలో రోడ్డు మీదికి సాగే ఉక్కు చేయికి, దాని పునాదికి, క్రేనుకు పెట్టే డబ్బుతో పోలిస్తే ఈ చిన్న పెట్టెలు ఎంత? టెండరులో వాటికి ఒక వరస లేకపోవడమే అసలు సమస్య.

కాబట్టి అడుగుతున్నది ఇది.

ప్రతి నగరంలో ఒక చౌరస్తాను ఎంచుకోండి. మధ్యస్థంగా రద్దీ ఉండేది, పక్కన బడో ఆసుపత్రో మార్కెట్టో ఉండి నడిచేవాళ్లు ఎక్కువగా దాటేది అయితే మేలు. పైన చెప్పినట్టు గీత, చిన్న లైటు, టైమరు, మూతలు మార్చండి. అక్కడ ఇప్పటికే కెమెరాలు ఉంటాయి. మార్చకముందు, మార్చాక, ఎరుపు పడ్డప్పుడు ఎన్ని బండ్లు గీత దాటుతున్నాయో అవే కెమెరాలతో లెక్కించండి. జీబ్రా మీద నడిచేవాళ్లకు ఎంత జాగా మిగిలిందో కొలవండి. ఫలితం ఏదైనా ప్రచురించండి. నేను చెప్పింది పనిచేయకపోతే ఆ సంగతీ తెలియాలి, మరో చౌరస్తాలో మరో పద్ధతి ప్రయత్నించవచ్చు.

కొత్తగా పెట్టే ప్రతి సిగ్నల్‌కు డ్రాయింగుతో పాటు ఒక పేజీ జత చేయండి. స్తంభం ఇక్కడే ఎందుకు, ఈ ఎత్తే ఎందుకు, బస్సు వెనక ఉన్న బండికి ఏ ముఖం కనిపిస్తుంది, సాయంత్రం ఎండ ఎటు, ఏ కొమ్మ ఎన్నేళ్లకు అడ్డం వస్తుంది, ఊరేగింపు దారా కాదా, తీరమైతే ఎంత గాలికి తట్టుకుంటుంది. ఈ ప్రశ్నలకు జవాబు రాయకుండా పునాది గుంత తవ్వకూడదని మీలో మీరే ఒక నియమం పెట్టుకోండి. ఆ పేజీని నగరపాలక సంస్థ కార్యాలయంలో ఎవరైనా చూడగలిగేలా ఉంచండి. పేటలోవాళ్లు చదివి, ‘సార్, ఇక్కడ శ్రావణంలో పందిరి వేస్తారు, లైటు కనపడదు’ అని చెప్పగలగాలి. ఆ సంగతి ఏ సాఫ్ట్‌వేరుకూ తెలియదు.

సిగ్నల్ పని పూర్తయిందని సంతకం పెట్టేముందు మీరు జీపు దిగి, హెల్మెట్ పెట్టుకుని, ఒక బండి మీద ఆ నాలుగు దారుల్లోనూ గీత దగ్గర ఆగి చూడండి. ఒకసారి బస్సు వెనక ఆగండి. ఒకసారి సాయంత్రం అయిదున్నరకు పడమటి దారిలో ఆగండి. ఆ తర్వాత బండి పక్కన పెట్టి జీబ్రా దాటండి. నాలుగు దారుల్లోనూ మెడ తిప్పకుండా లైటు కనపడితే బిల్లు పాస్ చేయండి, లేకపోతే స్తంభం జరపమని కాంట్రాక్టరుకు రాయండి.

ఇట్లు,
మీ నగరాల్లో బండి నడిపే, రోడ్డు దాటే ఒక పౌరుడు